మనవాళ్ళ దగ్గర కొన్న హార్మోనియం

మా ఇంట్లో నమ్మడం ఆయన వంతు, అనుమానించడం నా వంతు. పెళ్ళయిన కొత్తలో కూర్చుని పంచుకున్నదేమీ కాదు, ఎవరికి వచ్చిన పని వాళ్ళం అందుకున్నాం. జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో నా ఉద్యోగం కూడా అదే. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టినందుకు నాకు జీతమిస్తారు. పగలంతా ఆ పని చేసి ఇంటికొచ్చిన మనిషి పాలప్యాకెట్ మీద తేదీ చూడకుండా కాఫీ పెడుతుందా? పెట్టదు. మా ఆయన అలా కాదు. స్టేషన్‌లో ఎవరైనా వచ్చి పర్సు పోయిందంటే టికెట్ కొనిస్తాడు, ఆకలిగా ఉన్నావేమో అని శాండ్‌విచ్ కూడా కొనిస్తాడు, ఆ మనిషే మర్నాడు అదే ప్లాట్‌ఫారం మీద కనిపిస్తే "పాపం, మళ్ళీ పోయినట్టుంది" అంటాడు.

ఆయనది తెనాలి దగ్గర. చిన్నప్పుడు ఆయన పెదనాన్న పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నాటకం లేని రోజుల్లో ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వేళ్ళు ఎక్కడ పెట్టాలో, తిత్తి ఎంత నెమ్మదిగా లాగాలో నేర్పేవాడు. ఆ ఇంట్లో దేవుడి తర్వాత అంత భక్తిగా పలికిన మాట "జర్మన్ రీడ్లు", పెట్టె లోపల గాలికి పలికే ఇత్తడి నాలుకలు. హార్మోనియం తెలిసిన మనవాళ్ళెవరినైనా అడిగి చూడండి, పాత జర్మన్ రీడ్లున్న పెట్టె అనగానే గొంతు తగ్గించి మాట్లాడతారు. తర్వాత నాటక సమాజం మూతపడింది. పెట్టెను ఎవరో కొనుక్కుపోయారు. ఈయన ఇంజనీరింగ్ చదివి బ్లూకార్డు వీసా మీద జర్మనీ వచ్చాడు. వచ్చాక తెలిసిందేమిటంటే, రీడ్లు ఇక్కడివే గానీ ఆ పెట్టె సంగతి ఇక్కడెవరికీ తెలియదు. మా ఆఫీసులో ఒకాయన్ని అడిగితే నోటితో ఊదేదాన్ని జేబులోంచి తీసి చూపించాడు.

కొన్నేళ్ళ క్రితం, పాతవస్తువులు అమ్మే ఒక సైటులో, లండన్ నుంచి ఒకతను జర్మన్ రీడ్ల హార్మోనియం అమ్మకానికి పెట్టాడు. ఈయన ఇంగ్లీషులో మెసేజ్ పెడితే అతను తెలుగులో జవాబిచ్చాడు. ఫోన్ చేస్తే మరీ కరిగిపోయాడట. "అన్నా, మాది మీ పక్కూరే గదా. మీ పెదనాన్నగారి వాయింపు మా నాన్న ఎన్నిసార్లు విన్నాడో" అన్నాడట. ఆ ఒక్క ముక్కతో ఈయన పని అయిపోయింది. "సైటులో కడితే కమిషన్ బొక్క. మనలో మనకి ఎందుకన్నా, నా అకౌంట్‌కి కొట్టెయ్, రేపే పార్సిల్ చేస్తా" అన్నాడట. ఈయన కొట్టేశాడు. నాకు చెప్పింది కొట్టేశాక. పెట్టె రాలేదు, ఫోన్ మోగి మోగి ఆగిపోయింది, సైటులో ఆ ప్రకటన మాయమైంది. సైటువాళ్ళను అడిగితే మా ద్వారా కట్టలేదు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. బ్యాంకువాళ్ళు, మీ చేత్తో మీరే పంపారు కదా అన్నారు. ఎంత కోపంగా ఉన్నా వాళ్ళ మాట కాదనలేకపోయాను.

డబ్బు సంగతి ఎలాగో మర్చిపోవచ్చు. మర్చిపోలేనిది ఆ తర్వాత ఆయన తీరు. మనిషి మామూలుగానే ఉన్నాడు, నవ్వుతున్నాడు, ఆఫీసుకు వెళ్తున్నాడు, పిల్లను ఈతకు తీసుకెళ్తున్నాడు. కానీ ఆయనకు ఏదీ అక్కర్లేకుండా పోయింది. పుట్టినరోజుకు ఏం కావాలంటే "ఏమొద్దులే". హోటల్‌కి వెళ్తే "నువ్వు చెప్పిందే నాకూ". చలికోటు జిప్పు ఊడిపోయింది, కొత్తది కొందామంటే "ఎందుకులే, గుండీలు ఉన్నాయిగా". మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగులో అడిగితే జర్మన్‌లో చెప్తుంది. ఒకరోజు ఐస్‌క్రీమ్ కొట్టు ముందు నిలబడి "పాపా విల్ నీ వాస్" అంది. నాన్నకు ఎప్పుడూ ఏదీ వద్దు అని. అది మామూలుగానే అంది. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది. ఆ పెట్టె ఈ ఇంటికి రావాలని అక్కడే తీర్మానించుకున్నాను. రావాలి, మోసం లేకుండా రావాలి. ఇంకొక్కసారి మోసపోతే ఈ మనిషి ఇక జన్మలో తనకంటూ ఏదీ కోరుకోడు.

ఆయనకు చెప్పకుండా వెతకడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ వెతుకులాట నాకు పండగలా ఉండింది. మా ఆఫీసులో తప్పులు దాక్కుని ఉంటాయి, ఇక్కడ మనుషులు నవ్వుతూ వచ్చి తామే చూపిస్తున్నారు. ఒకే హార్మోనియం ఫోటో మూడు దేశాల్లో ముగ్గురు అమ్ముతున్నారు. ఫోటోను ఇంటర్నెట్‌లో వెనక్కి వెతికితే అది ఎవరిదో పెళ్ళి ఆల్బమ్‌లోది. ఇంకొకతని పెట్టె తాతల నాటిదట, కానీ మూతకు బిగించిన స్క్రూల తలల మీద నక్షత్రంలా గాట్లున్నాయి. అలాంటి స్క్రూలు మా ఇంటి అలమరాకి ఉన్నాయి, అదింకా తాతల కాలానికి చేరలేదు. ఇంకో ఆవిడ పెట్టె చూడముచ్చటగా ఉంది, మెట్లు అసలైన దంతం అని గొప్పగా రాసుకుంది. ఏనుగుదంతం తగిలిన వస్తువును కాగితాలు లేకుండా సరిహద్దు దాటించడం నేరం. అమ్మినావిడ హాయిగా ఉంటుంది, సమాధానం చెప్పుకోవాల్సింది తెప్పించుకున్నవాళ్ళు. మన దేశం నుంచి ఒకాయన మరీ ధైర్యవంతుడు. "మేడమ్, వందేళ్ళు దాటిందని చెప్తే బయటికి పంపనివ్వరు. పాత బొమ్మ, గిఫ్ట్ అని రాసేస్తాను, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. దారిలో పగిలితే బొమ్మకిచ్చే నష్టపరిహారమే వస్తుంది కదా అని అడిగాను. ఆయన టెన్షన్ పడి మాట్లాడడం మానేశాడు.

అలా వెతగ్గా వెతగ్గా దక్షిణాఫ్రికాలో డర్బన్ నుంచి ఒక ప్రకటన కనబడింది. ఇంట్లోని పాత సామాన్లు అమ్ముకుంటున్న ఒకావిడ పెట్టింది. "మా తాతగారి హార్మోనియం. ఎంత పాతదో నాకు తెలియదు. వాయించడం కూడా తెలియదు" అని రాసింది. అన్నాళ్ళ వెతుకులాటలో తెలియదు అన్న మాట రాసిన మొదటి అమ్మకందారు ఆవిడ. మిగతావాళ్ళందరికీ అన్నీ తెలుసు. నాకు ఆవిడ మీద కొంచెం గౌరవం కలిగింది, గౌరవం కలిగింది కాబట్టి అనుమానం కూడా పెరిగింది.

వస్తువు నిజంగా అమ్మేవాళ్ళ దగ్గరే ఉందో లేదో తెలుసుకోవడానికి నాదొక పద్ధతి. ఒక కాగితం మీద నేను చెప్పిన మాట రాసి, దాన్ని వస్తువు పక్కన పెట్టి ఫోటో తీయమంటాను. దొంగ ఫోటో పెట్టినవాళ్ళు అక్కడితో ఆగిపోతారు. ఎవరి ఊహకూ అందని మాట ఉండాలని, ఇంగ్లీషు అక్షరాల్లో గోంగూర అని రాయమన్నాను. మర్నాడు ఫోటో వచ్చింది. నల్లబడిన టేకు పెట్టె, పసుపుపచ్చబారిన మెట్లు, పక్కన కాగితం మీద గోంగూర. కాగితం పక్కన, మెట్ల మీద అడ్డంగా పడుకోబెట్టిన ఒక గోంగూర కొమ్మ. నిజమైన గోంగూర, ఎర్రకాడది. కింద ఆవిడ రాసింది: "ఈ మాట మీకెలా తెలుసు? ఇది మా అమ్మ పెరట్లోది. మేము తెలుగువాళ్ళం. మా ముత్తాతలు చెరుకుతోటల్లో పనికి ఇక్కడికి వచ్చారు."

వేరే ఎవరైనా అయితే సంతోషించేవారు. నాకు ఒళ్ళు జల్లుమంది. అయిపోయింది, మళ్ళీ మనవాళ్ళే, అనుకున్నాను.

కానీ రీడ్ల సంగతి నాకేం తెలుసు. చెవులున్న మనిషి కావాలి, ఆ మనిషేమో పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాడు. వెళ్ళి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. వేళ్ళతో పెద్దది చేసి మెట్లు చూశాడు, తిత్తి మడతలు చూశాడు, చివరికి గోంగూర కొమ్మ చూశాడు. "మనవాళ్ళే" అన్నాడు మెల్లగా.

"అందుకే నా భయం" అన్నాను.

"ఎందుకులే మళ్ళీ" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చాడు గానీ, మడతపెట్టిన టవల్‌నే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. వీడియో కాల్‌కి నేను ఆయన్ని అడగలేదు, ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండండి అని చెప్పానంతే.

తెర మీద ఆవిడ కనబడింది. యాభై దాటి ఉంటాయి, కళ్ళజోడు తలమీదికి తోసుకుని, నావైపే సూటిగా చూస్తోంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఒక్కొక్క మెట్టూ నొక్కి వినిపించమన్నాను. తనకు చేతకాదని వాళ్ళమ్మను పిలిచింది. పెద్దావిడ వచ్చి నేలమీద కూర్చుంది, చీరకొంగు నడుముకు దోపింది, ఎడమచేత్తో తిత్తి అందుకుంది.

"యాడుండేది బిడ్డా మీరు? బువ్వ తింటిరా?" అంది.

మా ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తిన్నామమ్మా. జర్మనీలో ఉంటాం. ఆ ఎడం చివర మెట్టు నొక్కండమ్మా, నొక్కి కాసేపు పట్టుకోండి."

ఆవిడ నొక్కింది. ఈయన కళ్ళు మూసుకుని విన్నాడు. దాని తర్వాతది, దాని తర్వాతది. ఎక్కడా గాలి కారడం లేదన్నాడు. మూత తీసి లోపల చూపించమన్నాడు. ఇత్తడి రీడ్లు వరసగా మెరిశాయి, వాటి పలక మీద అరిగిపోయిన ముద్ర, జర్మన్ అక్షరాలు. అది చూసి ఆయన నావైపు తిరిగాడు. ఆ మొహం నేను చాలా రోజులుగా చూడలేదు. జర్మనీలో కూర్చుని, జర్మన్ రీడ్లు దొరికాయని డర్బన్ వైపు చూసి మురిసిపోతున్న మనిషి ఆ క్షణాన ప్రపంచం మొత్తంలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఇక అడగాల్సిన పనేమీ లేకపోయినా పెద్దావిడ వదల్లేదు. వాళ్ళ గుళ్ళో పాడుకునే భజన ఒకటి ఎత్తుకుంది. తెలుగు మాటలు, వాటిని పలికే తీరు మాత్రం మాకు కొత్త. సగం తర్వాత ఈయనకు వరస తెలిసిపోయి తనూ అందుకున్నాడు. పాట అయ్యాక ఆవిడ, "మా ఇంట్ల వాయించేటోళ్ళు లేరు బిడ్డా. ఊరికే పడుంది. ఆడ గోంగూర దొరుకుతాదా మీకు?" అని అడిగింది.

"ఎప్పుడో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇండియన్ షాపుకి వస్తుందమ్మా, అదీ వాడిపోయి" అన్నాడు ఈయన. ఆవిడ నొచ్చుకుంది. మా దరిద్రానికి నిజంగానే బాధపడ్డట్టు తల ఊపింది.

కాల్ పెట్టేయగానే అనుకున్నంతా అయింది.

"పాపం ఆ పెద్దావిడ దగ్గర సైటువాడు కమిషన్ ఎందుకు తినాలి? నేరుగా పంపిద్దాం" అన్నాడు ఆయన.

నాకు ఎక్కడో కాలింది. "ఒకసారి కాలితే చాలదా మీకు? పాట పాడితే మంచివాళ్ళయిపోతారా? ఆ లండన్ వాడు పద్యం పాడలేదు గనక సరిపోయింది, పాడుంటే ఇల్లు కూడా రాసిచ్చేవారు."

"వాళ్ళు అలాంటివాళ్ళు కాదే."

"కాకపోతే సంతోషం. సైటు ద్వారా కడితే వాళ్ళ మంచితనానికి వచ్చే నష్టమేంటి?"

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "వాళ్ళ మీద ఇంత కూడా నమ్మకం లేకుండా ఆవిడ తాతగారి పెట్టె తెచ్చుకోవడం బాగోదు. వద్దులే" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ వద్దులేకే నేను భయపడింది. నేను మొండికేస్తే ఆయన వదిలేసుకుంటాడు. నేను మెత్తబడితే, ఒకవేళ వాళ్ళూ ఆ లండన్ వాడి బాపతే అయితే, ఈయన్ని ఇక బాగుచేసుకోలేను. రెండువైపులా ఆయనే. చివరికి నా దారినే నేను పోయాను. డర్బన్ ఆవిడకు చాలా కటువుగా రాశాను. డబ్బు సైటు ద్వారానే కడతాను, వస్తువు చేతికొచ్చి సరిగా ఉందని నేను చెప్పేదాకా అది సైటు దగ్గరే ఉంటుంది. మెట్లు దంతం కాదని వాయిద్యాలు బాగుచేసేవాళ్ళ చేత రాయించి పంపాలి. అసలు విలువకే బీమా చేయాలి. చెక్కపెట్టెలో పంపితే ఆ చెక్కకు పురుగు లేదన్న ముద్ర ఉండాలి. రాసి, పంపి, ఇక జవాబు రాదనుకున్నాను. వచ్చినా అందులో తిట్లే ఉంటాయనుకున్నాను.

సాయంత్రానికే వచ్చింది. "మంచిది. ఇవన్నీ నేనే అడుగుదామనుకున్నాను, మీరు ముందడిగారు. పోయినసారి మా నాన్నగారి గడియారాన్ని మనవాళ్ళే ఒకరు కొన్నారు. అక్కా అక్కా అని పిలిచి, పగిలి వచ్చిందని చెప్పి డబ్బు వెనక్కి తీసుకున్నారు, గడియారం ఉంచేసుకున్నారు. కాబట్టి నా షరతు ఒకటే. పెట్టె మేకు ఊడదీసే దగ్గర్నుంచి చివరిదాకా మధ్యలో ఆపకుండా వీడియో తీయాలి. మధ్యలో ఆగితే నేను ఏ ఫిర్యాదూ ఒప్పుకోను. మీ మీద నాకు అనుమానమని కాదు. నాకు అందరి మీదా అనుమానమే."

నేను పకపకా నవ్వాను. వంటింట్లోంచి ఆయన వచ్చి ఏంటని అడిగాడు. చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర ఆయనకూ నవ్వాగలేదు. "ఈవిడ నీ సొంత అక్కలా ఉందే" అన్నాడు. తర్వాత తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "కట్టెయ్" అన్నాడు. డెలివరీ ఆయన పేరు మీదే పెట్టాను.

ఆ తర్వాత నాకూ డర్బన్ ఆవిడకూ భలే కుదిరింది. ప్యాకింగ్‌లో ప్రతి దశా ఫోటో తీసి పంపేది. తిత్తి ఊగకుండా మధ్యలో ఏం పెట్టాలో ఈయన చెప్తే నేను రాసేదాన్ని, ఆవిడ పెట్టి చూపించేది, నేను మూల ఇంకొంచెం గట్టిగా కుక్కమనేదాన్ని. కాగితం ముక్కలకు బదులు వాళ్ళమ్మ పాత నూలుచీరలు చుడుతోందని చెప్పింది. మంచిదే కదా అనుకున్నాను. ఈయన పైకి ఏమీ అనేవాడు కాదు, కానీ పార్సిల్ ఎక్కడుందో చూపించే పేజీ ఆయన ఫోన్‌లో ఎప్పుడూ తెరిచే ఉండేది. డర్బన్ దాటింది, విమానం ఎక్కింది, ఇక్కడ దిగింది. దిగి ఆగింది. కస్టమ్స్ నుంచి కాగితం వచ్చింది, త్సోల్ అని పిలిచే వాళ్ళ ఆఫీసుకు స్వయంగా వచ్చి విడిపించుకోమని.

ఇద్దరం వెళ్ళాం, నేను మాత్రం పరీక్షకు వెళ్ళినట్టు వెళ్ళాను. సైటు ద్వారా కట్టిన రసీదు, ఫోటోలు, మెట్లు దంతం కాదన్న కాగితం, అన్నీ ఫైలులో వరసగా. కౌంటర్ వెనకావిడ ఒక్కొక్కటి చూసి తల ఊపుతుంటే నాకు లోపల బ్యాండు మేళమే. వందేళ్ళు దాటిందని నిరూపిస్తే పన్ను తగ్గుతుందంది. నిరూపించలేనని, మామూలు పన్నే కడతానని చెప్పాను. ఆవిడకు ఆ జవాబు నచ్చినట్టుంది. ఇక పెట్టె ఇక్కడే తెరవాలంది.

"వీడియో తీసుకోవచ్చా?" అని అడిగాను. ఈ దేశంలో ఫోన్ ఎత్తి మనిషివైపు తిప్పితే నేరం చేసినట్టు చూస్తారు. డర్బన్ ఆవిడ షరతు వివరించి చెప్పాను. కౌంటర్ ఆవిడ ఆలోచించి, "పెట్టె పడొచ్చు. మేము పడకూడదు" అంది.

అలా ఫోన్ కిందికి వంచి పట్టుకుని, ఎవరి మొహమూ పడకుండా, చేతులను మాత్రం తీస్తూ పోయాను. మేకులు వచ్చాయి, మూత వచ్చింది, చీరల మడతలు ఒక్కొక్కటే విప్పారు. నల్లటి పెట్టె చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. పక్కన మా ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. తనిఖీ చేస్తున్నాయన హార్మోనియం పైమూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, ఒక చిన్న మూట బయటికి తీశాడు. చీరముక్కలో గట్టిగా ముడేసిన మూట. విప్పితే దోసెడు గోధుమరంగు విత్తనాలు.

నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తర్వాత తెలిసింది. "ఆడ గోంగూర దొరుకుతాదా మీకు" అన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది.

కౌంటర్ ఆవిడ మొహం మారింది. కాగితంలో విత్తనాలని లేదు, మొక్కల ఆరోగ్యపత్రం లేదు, చెప్పిన సరుకు వేరు, ఉన్న సరుకు వేరు. పై అధికారిని అడగాలి, పార్సిల్ మొత్తం వెనక్కి పంపాల్సి రావచ్చు అంది. నా ఫైలు చంకలోనే ఉంది. దొంగల నుంచి కాపాడుకున్నాను, దంతం నుంచి కాపాడుకున్నాను, పురుగుల నుంచి కూడా కాపాడుకున్నాను. పార్సిల్‌లో తినేదేదో ఒకటి దాచిపెట్టకుండా ఊరుకోలేని తెలుగు తల్లి నుంచి ఎలా కాపాడుకోవాలో నాకు తట్టనేలేదు. మా అమ్మ చీరల మధ్య ఆవకాయ దాచి పంపిన మనిషే, అయినా నాకు తట్టలేదు.

పై అధికారి వచ్చాడు. పొడుగాటి మనిషి, తొందర లేని మనిషి. విత్తనాలు చూశాడు, హార్మోనియం చూశాడు, కాగితం చూశాడు. ఆఫీసుల్లో మా ఇద్దరి తరపునా ఎప్పుడూ నేనే మాట్లాడతాను, నా జర్మన్ మెరుగని. గబగబా మొదలుపెట్టాను. పంపినావిడకు తెలియదని, వాళ్ళమ్మ ప్రేమకొద్దీ పెట్టిందని, మాకు అసలు తెలియదని.

అధికారి చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. "సరుకు ఎవరి పేరు మీద వచ్చిందో ఆయన చెప్పాలి" అన్నాడు. ఈయన వైపు తిరిగి అడిగాడు, విత్తనాలు నాశనం చేయడానికి ఒప్పుకుని మిగతాది తీసుకుంటారా, లేక ఈ తలనొప్పి వద్దు, మొత్తం వెనక్కి పంపమంటారా అని. "మీకు ఈ వస్తువు కావాలా?"

 ఆ ప్రశ్నకు ఈయన జవాబు నాకు కంఠతా వచ్చు. కోటు అడిగినా, కాఫీ అడిగినా అదే జవాబు. ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే చాలు, ముందే తప్పుకునే మనిషి. ఫోన్ ఇంకా కిందికి వంచే పట్టుకున్నాను, తెర మీద హార్మోనియం, దాని అంచున ఆయన చెయ్యి.

ఆ చెయ్యి పెట్టె మీద వాలింది.

"ఇష్ విల్ ఎస్ హాబెన్" అన్నాడు. నాకిది కావాలి. జర్మన్ తడబడకుండా అన్నాడు. అధికారి సరిగా వినలేదనుకున్నాడో ఏమో, ఇంకోసారి, కొంచెం గట్టిగా అన్నాడు.

అధికారి సంతకం ఎక్కడో చూపించాడు. విత్తనాల మూట ఒక సంచిలోకి పోయింది. నేను వీడియో ఆపాను, ఎందుకంటే తెర మసకబారి నాకేమీ కనబడడం లేదు.

కారులో ముందు సీటు హార్మోనియానికి ఇచ్చాడు, సీటు బెల్టు కూడా పెట్టాడు. నేను వెనక కూర్చుని డర్బన్‌కి ఫోన్ చేశాను. విత్తనాల సంగతి వినగానే ఆవిడ ఫోన్ పక్కన పడేసి వాళ్ళమ్మ మీద విరుచుకుపడింది. ఇంగ్లీషులో తిట్టింది, చాలక ఏదో పాత తెలుగులో తిట్టింది. వెనకనుంచి పెద్దావిడ గొంతు తాపీగా వినబడింది. "విత్తులే గదా, తుపాకులు గాదు గదా. బిడ్డ తినాలని పెడితి." సిగ్నల్ పచ్చబడింది కూడా చూడకుండా, ముందు సీట్లో ఈయన నవ్వుతూ స్టీరింగ్ మీద తల ఆనించాడు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఇక్కడ హారన్ కొట్టించుకోవడం మాకు అదే మొదలు.

ఇంటికొచ్చాక కోటు కూడా విప్పకుండా హాలులో నేలమీద కూర్చున్నాడు. మా అమ్మాయి చుట్టూ తిరిగి చూసి, తనూ వాయించొచ్చా అని జర్మన్‌లో అడిగింది. "నా తర్వాత" అన్నాడు. మా ఇంట్లో ఆయన అలా అనడం కూడా కొత్తే. తిత్తి మెల్లగా లాగాడు. స్వరం గదంతా నిండింది. పైకి పోతూ పోతూ ఒక మెట్టు దగ్గర ఆగాడు. మళ్ళీ నొక్కాడు. అది పలకలేదు.

నా చెయ్యి వెంటనే ఫోన్ మీదికి పోయింది. "దారిలో దెబ్బతిందండీ. బీమా ఉంది, వీడియో ఉంది, గడువూ ఉంది. వాళ్ళకి రాయనా?"

"బీమావాళ్ళకి రాయి. పెట్టె మాత్రం ఇక్కణ్ణించి కదలదు" అన్నాడు. "దీనికి కొత్త రీడు కావాలి నాకు. ఈ దేశంలోనే దక్షిణం వైపు రీడ్లు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారంట, ఒక శనివారం కావాలి. ఈ తిత్తి కుట్టుకి మంచి తోలు కావాలి. చాప ఒకటి కావాలి, ఈ చెక్కనేల మీద మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. పొద్దున్నే ఒక గంట కావాలి, ఎవరూ నన్ను పిలవకుండా." ఒక్క క్షణం ఆగి, "నువ్వు కూడా కావాలి" అన్నాడు.

"నాకు పాట రాదు."

"వినడానికి."

ఫోన్ పక్కన పెట్టి ఆయన పక్కన నేలమీద కూర్చున్నాను. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు.